కిటికీ దాకా అందే కేబుల్

నాలుగో తేదీ, మంగళవారం

ఈ రోజు గది సర్దాను. ఊపిరి మిషన్ వచ్చింది. దాన్ని ఆయన తలవైపు పెట్టాలంటే కంప్యూటరు బల్లకు చోటు లేదు. బల్లను కిటికీ దగ్గరికి జరిపేశాను. తెర మాత్రం మంచం దగ్గరే స్టాండు మీద ఉంది, దాని కింద ఆయన కళ్ళు ఏ అక్షరం మీద ఉన్నాయో చూసే కెమెరా పట్టీ. ఆ కెమెరాతో పాటు వచ్చిన నల్ల కేబుల్ మూరెడు, మొద్దులాంటిది, ఎటూ వంగదు. కిటికీ దాకా ఎక్కడ అందుతుంది! కూడలిలో ఉన్న షాపుకు వెళ్ళి అన్నిటికన్నా మంచిది ఇవ్వమన్నాను. తెల్లది ఇచ్చాడు. పొడుగ్గా, మెత్తగా, పైన దారపు అల్లికతో ముచ్చటగా ఉంది. పెట్టె మీద పెద్ద అంకెలతో 100 వాట్లు అని వేసి ఉంది. పక్కదాని మీద అరవయ్యే. ఆయన విషయంలో కక్కుర్తి దేనికని వందే తీసుకున్నాను. గోడ వెంట, అంచు కుట్టినంత తిన్నగా బిగించాను. ఇక ఎందుకని నల్లదాన్ని పారేశాను. గది చూస్తుంటే కడుపు నిండినట్టుంది.

నిన్న డాక్టరమ్మ చెప్పింది మాత్రం ఇంకా మింగుడు పడలేదు. ముక్కుకు పెట్టే ఈ మాస్కు ఎక్కువ రోజులు సరిపోదట. గొంతుకు కన్నం చేసి, గొట్టం పెట్టి, మిషన్‌తోనే ఊపిరి ఆడించాలి. లేదంటే వద్దనుకోవాలి. వద్దనుకుంటే ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఆవిడ ఆయననే అడిగింది. ఆయన ఒక్కో అక్షరాన్నీ కళ్ళతో పట్టుకుని రాశారు, కంప్యూటరు పైకి చదివింది: "ఆలోచించి చెప్తా. తొందరపెట్టకండి. పెట్టినా నేను తొందరపడలేను."

డాక్టరమ్మ నవ్వేసింది. కూరగాయల మార్కెట్లో వేలం పాడి బతికిన నోరు. నోరు పడిపోయినా అందులో వెటకారం పోలేదు.

ఐదో తేదీ, బుధవారం

ఈ రోజు ఏది రాసినా తప్పులే. కొత్త మాస్కుతో నిద్ర సరిగా పట్టి ఉండదు.

ఏడో తేదీ, శుక్రవారం

మళ్ళీ అంతే. ఒక అక్షరం చూస్తే దాని పక్కది పడుతోంది. చెరుపుకోబోతే చెరిపే గుర్తు పక్కనున్నది పడుతోంది. పొద్దుటినుంచి రాసినదాన్ని కంప్యూటరు చదివితే ఎవరో నిద్రలో పలవరించినట్టుంది. నాకు నవ్వు రాలేదు.

దీనికి తోడు తెర మీద ఒక పసుపు పెట్టె వచ్చి కూర్చుంటోంది, ఇంగ్లీషులో ఏదో నసుగుతూ. అప్‌డేట్ గోలే అయ్యుంటుంది. సరిగ్గా అక్షరాల మీదే పడుతోంది. ఆయన చూపు దాని మీదే ఉంది, అడ్డంగా ఉందని విసుక్కుంటున్నారనుకుని మూసేశాను. కాసేపటికి మళ్ళీ వచ్చింది. మళ్ళీ మూసేశాను.

ఎనిమిదో తేదీ, శనివారం

వదిన దిగింది. ఆయనకు అక్క, ఆయనను ఎత్తుకుని తిరిగిన మనిషి. ఆయన మీద నాకున్న హక్కు కన్నా తన హక్కు పాతదని ఎప్పుడూ గుర్తుచేస్తూ ఉంటుంది. చెప్పులు విడిచీ విడవకముందే తమ్ముడి నుదుటి మీద చెయ్యి వేసి, "ఇంత చిక్కిపోయాడేంటి, తిండి పెడుతున్నావా?" అంది. పొట్టకు పెట్టిన పైపులోంచి పాలు పోస్తున్నానని తనకు తెలియక కాదు. ఏదో ఒకటి అనాలి కదా.

పైకి చూస్తే అవును, కళ్ళు మూస్తే కాదు. ఇది మా పాత ఒప్పందం. ధైర్యం చేసి అడిగాను.

"ఏవండీ, గొట్టం పెట్టించమంటారా?"

పైకి చూడలేదు. మూయలేదు. తెర వైపు చూశారు. వదిన అడిగింది, అప్పుడూ తెర వైపే. మూడోసారి అడిగేసరికి విసుగ్గా కళ్ళు మూసుకున్నారు.

"చూశావా? వద్దంటున్నాడు."

"అలసిపోయారు వదినా."

"నా తమ్ముడి సంగతి నాకు తెలుసమ్మాయ్. గొంతులో గొట్టం వేసుకుని కదలకుండా పడుంటాడా వాడు? మార్కెట్టంతా హోరెత్తించినవాడు!"

"కదలకుండా పడుండి మూడేళ్ళయింది వదినా. మీరు పండక్కీ పబ్బానికీ వస్తారు కాబట్టి తెలీదు."

అనకూడదు. అనేశాను. నా నోరు అంతే. అందుకే కదా ఆయన నాకు కత్తెర అని పేరు పెట్టింది. కుట్టుపని చేస్తానని కాదు, ఎదుటివాళ్ళ మాట సగంలోనే తెంపేస్తానని.

తొమ్మిదో తేదీ, ఆదివారం

అట్ట మీద అక్షరాలు రాసి పట్టుకున్నాను. జబ్బు చేసిన కొత్తల్లో అలాగే మాట్లాడుకునేవాళ్ళం. ఒక్కో అక్షరం మీద వేలు పెడుతూ పోవాలి, కావలసినది రాగానే ఆయన పైకి చూడాలి. ఆ అట్టంటే ఆయనకు చెడ్డ కోపం, చంటిపిల్లాణ్ణి చేసి ఆడిస్తున్నానని. ఈ రోజు 'క' దగ్గర పైకి చూశారు.

"కాళ్ళా? కాళ్ళు లాగుతున్నాయా?" అని దుప్పటి తీసి పాదాల నుంచి మోకాళ్ళ దాకా బాగా పిసికాను. తలెత్తి చూస్తే కళ్ళు మూసుకుని ఉన్నారు. హాయిగా ఉన్నట్టుంది. అట్ట తీసి లోపల పెట్టేశాను.

పదో తేదీ, సోమవారం

డాక్టరమ్మ వచ్చింది. ఊపిరి లెక్క చూసి పెదవి విరిచింది. ఆయనను ఏదో రాయమంది. రాశారు. కంప్యూటరు చదివినది విని ఆవిడ నా వైపు చూసిన చూపు ఎప్పటికీ మరిచిపోను.

బయట వరండాలో చెప్పింది. కొందరిలో చివరికి కంటి కండరాలు కూడా పట్టు తప్పుతాయట. అందరిలో కాదట. మనసు మాత్రం అన్నీ తెలుస్తూ లోపలే ఉంటుందట.

"వచ్చే సోమవారం దాకా చూద్దామమ్మా. ఆయనే తేల్చి చెబితే మంచిది. చెప్పలేకపోతే మీరిద్దరూ కూర్చుని ఒక మాట మీదకు రండి. ఇంకా ఆలస్యమైతే ఆపరేషన్‌కి మనిషి తట్టుకోడు."

మేమిద్దరం ఒక మాట మీదకు! ఉప్పూ నిప్పూ కూర్చుని రాజీపడాలట. వదిన డాక్టరమ్మను గేటు దాకా సాగనంపుతూ ఏదో చెవిలో చెప్పింది. ఏం చెప్పిందో నాకు తెలుసు.

లోపలికి వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. కళ్ళు నా మీదకు, తెర మీదకు, మళ్ళీ నా మీదకు. ఏమిటండీ? ఏమిటి చెప్పండి? కంటి చివర నీళ్ళున్నాయి. తుడిచాను. పసుపు పెట్టె వచ్చింది. మూసేశాను.

పన్నెండో తేదీ, బుధవారం

వదిన తెర ముందు నిలబడి ఫోన్‌తో ఫోటో తీసింది. ఎందుకని అడిగితే, "డాక్టరుకు చూపిస్తా. ఇలాంటి రాతను పట్టుకుని నువ్వు, వాడు సరే అన్నాడని సంతకం పెట్టేస్తే?" అంది.

నేను సంతకం పెట్టేదాన్నే. వదిన బుర్ర బాగానే పనిచేస్తుంది.

పదమూడో తేదీ, గురువారం

కుట్టాల్సిన బట్టలు కుప్ప పడి ఉన్నాయి. ఒక చొక్కాకి కాలరు తిరగేసి కుట్టాను.

ఒక మాట ఇక్కడ మాత్రమే రాసుకుంటాను. అక్షరాలు చెదిరిపోతున్నాయని ఏడుస్తున్నాను కదా. చెదిరినంత కాలం ఆయన 'వద్దు' అనలేరు కదా అని లోపల ఎక్కడో ఇంత ఊరట కూడా ఉంది. ఆయన వద్దంటే నేనేం చేయాలి? వద్దన్న మనిషికి గొట్టం పెట్టించగలనా? పెట్టించకుండా ఆయన ఊపిరి ఆగిపోతుంటే పక్కన కూర్చుని చూడగలనా? ఛీ, ఏం మనిషిని నేను.

భయమేస్తోంది. చాలా భయమేస్తోంది.

పద్నాలుగో తేదీ, శుక్రవారం

వదినకూ నాకూ వంటింట్లో పెద్ద గొడవ. ఆయనకు వినిపించకూడదని గొంతులు తగ్గించి మరీ తిట్టుకున్నాం. చివరికి ఫోన్ నా మొహం మీద పెట్టింది.

"చూడు, కళ్ళు పెట్టుకుని చూడు! ఇది మనిషి రాసిందేనా? వాడు లేడమ్మాయ్ అక్కడ. ఇంకా ఎవరికోసం గొట్టం?"

ఫోన్ లాక్కున్నాను. విసిరికొట్టాలనే లాక్కున్నాను. ఫోటోలో పసుపు పెట్టె ఉంది. అలవాటుగా దాన్ని మూయబోయింది నా వేలు. ఫోటోలో ఉన్నది మూసుకోదు కదా. అప్పుడు చదివాను.

కెమెరా తక్కువ వేగంతో పనిచేస్తోంది. పూర్తి వేగానికి తగిన కేబుల్ వాడండి.

వంటగట్టు పట్టుకుని నిలబడ్డాను. వదిన భయపడి, "ఏమైంది, ఏమైందే?" అంటోంది. ఆ పెట్టెను నేను రోజుకు ఎన్నిసార్లు మూశాను? ఆయన కళ్ళ ముందే ఉంది. ఆయన చదివారు. చదివి, నా వైపు చూస్తే, నేను కళ్ళు తుడిచాను.

పదిహేనో తేదీ, శనివారం

షాపు తెరవకముందే వెళ్ళి మెట్ల మీద కూర్చున్నాను. షాపతను నన్ను గుర్తుపట్టాడు.

"ఏంటమ్మా, కేబుల్ పాడైందా?"

"పాడవలేదు. నెమ్మదిగా పనిచేస్తోంది. వేగంగా పనిచేసేది కావాలి."

"అయితే ఇది తీసుకోండి. 240 వాట్లు!"

"వాట్లు కరెంటు సంగతయ్యా. ఛార్జింగ్ తొందరగా ఎక్కుతుంది, అంతే. నాకు కావలసింది కెమెరా చూసినది కంప్యూటరుకు వెంటనే చేరడం."

ఇదంతా నిన్న సాయంత్రం కూర్చుని చదివి తెలుసుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

"అన్నీ ఒకటేనమ్మా. మూతి ఒకటే కదా!"

"మూతి ఒకటైతే మనుషులంతా ఒకటేనా? పెట్టెలన్నీ ఇటు పెట్టు, నేనే చూసుకుంటాను."

ముందువైపు అంతా వాట్లే, బండరాయంత అంకెల్లో. వేగం ఎంతో వెనక ఉంది, చీమ తలకాయంత అక్షరాల్లో. నా తెల్లదాని లాంటి దాని మీద 480 అని ఉంది. ఒక పొట్టి నల్లదాని మీద 5 అని ఉంది. 5 ఉన్నదే కావాలన్నాను. అతను నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

"480 ఎక్కడ, 5 ఎక్కడ! మీరు రివర్సులో వెళ్తున్నారమ్మా."

"480 పక్కన ఏముందో చదువు. మెగా. 5 పక్కన గిగా. 480 అంగుళాలు ఎక్కువా, 5 మైళ్ళు ఎక్కువా? నేను దర్జీదాన్నయ్యా, కొలతల్లో నన్ను ముంచలేవు."

నవ్వాడు. మంచివాడే. అయితే ఆ రకం కేబుల్ పొడుగు పెరిగితే వేగం నిలవదట, తన దగ్గర మీటరుకు మించి లేవట. కిటికీ దాకా అందాలయ్యా అన్నాను. నా మొహం చూసి జాలిపడి, "దీన్ని జోడించుకోండి. కిటికీ దాకా ఏంటి, వీధి దాకా అందుతుంది" అని ఇంకో ముక్క ఇచ్చాడు.

పరుగున వచ్చాను. రెండూ కలిపి తగిలించాను. ఆయన కళ్ళు నా చేతుల వెంటే తిరుగుతున్నాయి. తెర వెలిగింది. పసుపు పెట్టె వచ్చింది.

అదే రోజు

రాయమన్నాను. చెత్తే పడింది. ఇక కేబుల్ కాదు. కళ్ళే. డాక్టరమ్మ చెప్పిందే నిజం. వదిన ఏమీ అనకుండా నాకు టీ ఇచ్చింది. తిట్టినా బాగుండేది.

పదహారో తేదీ, ఆదివారం

ముందు నుంచి రాస్తాను. ఒక్క మాట కూడా పోకూడదు.

పొద్దున్నే గది ఊడుస్తుంటే షాపతను ఇచ్చిన జోడింపు ముక్క తాలూకు కవరు చీపురుకు తగిలింది. తిరగేశాను. చీమ తలకాయ అక్షరాలు. 480. ఒక చివర మంచి దారం, ఇంకో చివర చీకిన దారం ముడేస్తే ఆ కుట్టుకు ఎంత బలం ఉంటుంది? చీకిన దారమంత. పాతికేళ్ళుగా మిషన్ తొక్కుతున్నదాన్ని, ఈపాటిది తట్టలేదు!

జోడింపు తీసేస్తే కేబుల్ మీటరే. మంచాన్ని కిటికీ దగ్గరికి జరపలేం, ఊపిరి మిషన్‌కు కరెంటు ఇటువైపే ఉంది. కంప్యూటరునే తేవాలి. బల్ల పట్టదు. నా కుట్టుమిషన్ స్టాండు పడుతుంది.

"వదినా, ఒక చెయ్యి వేయండి."

"మళ్ళీ ఏంటే?"

"ఈ ఒక్కసారి. ఇది కూడా కాకపోతే మీరు చెప్పిన చోట సంతకం పెడతాను."

చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని పట్టింది. కుట్టుమిషన్‌ను ఇద్దరం కలిసి హాల్లోకి దింపాం. స్టాండు ఈడ్చి మంచం పక్కకు చేర్చి, దాని మీద కంప్యూటరు పెట్టాం. బల్ల జరిపిన రోజు నుంచీ కేబుల్ గుచ్చింది కంప్యూటరు ముందువైపు కన్నంలో. వెనక, పక్కన 5 అని వేసి ఉన్నది వేగానిదని ఇప్పుడు నాకు తెలుసు. అందులో గుచ్చాను. తెర వెలిగింది. పెట్టె కోసం చూస్తూ నిలబడ్డాం. వదిన నా మోచెయ్యి పట్టుకుంది, నొప్పెట్టేలా.

రాలేదు.

ఆయన చూపు ఒక అక్షరం మీద వాలింది. అదే పడింది. తరువాతది. అదీ పడింది. గబగబా, ఎప్పటిలా, మార్కెట్లో ధర పెంచుకుంటూ పోయినంత జోరుగా. కంప్యూటరు చదివింది.

"ఒసేయ్ కత్తెరా."

నేను మంచం అంచున కూర్చున్నాను.

"కేబుల్. అది వచ్చిన రోజు నుంచీ కేబుల్ అనే రాస్తున్నా."

"అట్ట మీదన్నా చెప్పొచ్చుగా!" అన్నాను. ఏడుస్తూనే అన్నాను. పోట్లాట మానితే కదా.

"చెప్పా. క అన్నా. నువ్వు కాళ్ళు పిసికావు."

వదిన పకపకా నవ్వింది. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైపోయింది. తమ్ముడి పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

"గొట్టం సంగతి ఏంట్రా? అడిగినప్పుడల్లా మాట్లాడవేంటి?"

"అవునా కాదా అని అడుగుతారు. నా మాట అంతకన్నా పొడుగు."

ఆయన రాయడం మొదలుపెట్టారు, నేను మధ్యలో అందుకోలేదు.

"పెట్టించండి. నాకింకా బతకాలని ఉంది. ఇలా మాట్లాడగలిగినంత కాలం ఉంచండి. కళ్ళు కూడా పోయి, లోపల నేనొక్కణ్ణే మిగిలిన రోజు తీసేయండి. ఆలస్యం చేయొద్దు."

వదిన తల అడ్డంగా ఊపుతోంది. "వద్దంటావనుకున్నా రా. నువ్వు అంటే తట్టుకోలేనని నేనే ముందు అనేశా" అంది. పాపం, ఇన్నాళ్ళూ నేను దాన్ని ఎన్ని తిట్టుకున్నాను!

"అక్కకు చేతకాదు. తీయించాల్సింది కత్తెర. నువ్వు మాట ఇవ్వాలి."

"ఇప్పుడెందుకండీ ఆ మాటలు? ముందు పెట్టించుకుందాం. తరువాత..."

"ఇప్పుడే. రేపు పొద్దున డాక్టరమ్మ వస్తుంది."

నేను తలొంచుకుని కూర్చున్నాను. పెట్టించమన్నారు. నాకు కావలసింది అదే, పన్నెండు రోజులుగా నేను కోరుకున్నది అదే. దాంతో పాటు ఈ రెండోది కూడా ఒళ్ళో వచ్చి పడింది. తరువాత ఆ గొంతు, రైలు వేళలు చదివేదాని లాంటి ఆ బండగొంతు:

"ఒకటోసారి."

ఆయన మొహంలో ఏ కండరమూ కదలదు. కళ్ళు మాత్రం నా మీద ఉన్నాయి.

"రెండోసారి."

"సరే" అన్నాను. "సరేనండీ. నేనే తీయిస్తాను. ఇంక ఆపండి."

పదిహేడో తేదీ, సోమవారం

డాక్టరమ్మ ముందు అన్నీ మళ్ళీ చెప్పారు. ఆవిడ ప్రతి మాటా రాసుకుని చదివి వినిపించింది. చివర్లో నన్ను, "మీకు సమ్మతమేనా?" అని అడిగింది. వదిన నా చెయ్యి వదల్లేదు. సమ్మతమే అన్నాను. సంతకం మాత్రం వంకరగా వచ్చింది.

ఇరవయ్యో తేదీ, గురువారం

ఆపరేషన్ అయింది. బతికే ఉన్నారు.

ఇరవై ఎనిమిదో తేదీ, శుక్రవారం

ఇంటికి తీసుకొచ్చాం. మాస్కు పోయింది కాబట్టి మొహం మొత్తం కనిపిస్తోంది. ముక్కు మీద ఒరుసుకున్న మచ్చ మానుతోంది. గడ్డం గీశాను. వదిన ఇంకో నెల ఉంటుందట. నాకు వంట రాదని ఆయనకు చెబుతోంది. ఆయన "ముప్ఫై ఏళ్ళ తరువాత కనిపెట్టావా" అని రాశారు. ఇద్దరూ ఒక పార్టీ అయిపోయారు. టీ తాగుతుంటే, వాసన చూపించి తాగడం అన్యాయం, అవతలికి పో అన్నారు. పోలేదు.

సాయంత్రం షాపుకు వెళ్ళాను. అదే కేబుల్, అదే పొడవు, వెనక అదే 5. నాలుగు ఇవ్వమన్నాను.

"నాలుగెందుకమ్మా? ఒక్కటి చాలు, మిమ్మల్నీ నన్నూ దాటి బతుకుతుంది."

"ఉండనీవయ్యా, కట్టు" అన్నాను.

కుట్టుమిషన్ సొరుగులో, దారపు ఉండల కింద పెట్టాను. ఏదో ఒక రోజు ఆయన అక్షరాలు మళ్ళీ చెదురుతాయి. ముందు కేబుల్ మారుస్తాను. అయినా చెదిరితే రెండోది వేస్తాను. తరువాత మూడోది. తరువాత నాలుగోది. నాలుగూ మార్చి చూసేదాకా వదినను కూడా గదిలోకి రానివ్వను. ఆ తరువాత డాక్టరమ్మకు నేనే ఫోన్ చేస్తాను.